చేప ముళ్ళు ఇంట్లోనే తీయాలంటే ఏం కొనాలి, ఏది ఎలా వాడాలి

“ముళ్ళు తీసే ట్వీజర్ మంచిదొకటి చెప్పండి” అని అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు కానీ, దానికి జవాబు చెప్పాలంటే ముందు నేనే ఒకటి అడగాలి, మీ ఇంట్లో ఎక్కువగా వండేది ఏ చేప? బొచ్చె, శీలావతి తప్ప వేరేది తెచ్చుకోని ఇంట్లో ఎంత పెట్టి కొన్న ట్వీజరైనా సొరుగులో పడుంటుంది, అదే పండుగప్పో, వంజరమో, అమెరికాలో ఉండి సాల్మనో తెచ్చుకునేవాళ్ళకి అది లేకపోతే చెయ్యి ఆడదు. ఆన్‌లైన్‌లో దొరికే పెద్ద పెద్ద సెట్ల జోలికి వెళ్ళకండి, అందులో ఒకటో రెండో వాడతాం, మిగతావి తుప్పు పడతాయి.

అందుకే వరస ఇలా పెట్టుకున్నాను: ముందు ముల్లు రకం, తర్వాత పనిముట్టు, ఆ తర్వాతే కోత.

1. మీ చేపలో ఉన్నది ఏ ముల్లో చూసుకోండి

ఇంటి వంట వరకు నాలుగు రకాలు తెలిస్తే చాలు.

వెన్నుముల్లు, పక్కటెముకలు. పెద్దవి, కంటికి కనిపిస్తాయి, చాకుతోనే పోతాయి. సొర లాంటివాటికి తప్ప మనం తినే చేపలన్నిటికీ ఉంటాయి, సొరది మెత్తటి ఎముక.

పిన్ను ముళ్ళు. చేపని వెన్ను మీద నుంచి రెండు ఫిల్లెట్లుగా, అంటే రెండు పక్కల మాంసం పలకలుగా, విడదీశాక, ఫిల్లెట్ మధ్య గీత వెంబడి తల వైపు నుంచి వరసగా నిలబడి ఉంటాయి. సాల్మన్‌లో ఒక్కో ఫిల్లెట్‌కి దాదాపు 30 దాకా ఉంటాయి, పండుగప్పలో ముందు భాగంలోనే ఉంటాయి. వీటి కొస పైకి వేలికి తగులుతుంది కాబట్టి పట్టుకుని లాగొచ్చు. ట్వీజర్ పుట్టింది వీటికోసమే.

వై ముళ్ళు. మనల్ని ఏడిపించేవి ఇవే. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, గడ్డిచేప, బంగారుతీగ అన్నిట్లో ఉంటాయి. చివర ఇంగ్లీషు వై అక్షరంలా చీలి, వెన్నుముల్లుకి అతుక్కోకుండా కండ లోపలే విడిగా ఉంటాయి, అందుకే వెన్ను మొత్తం తీసేసినా ఇవి అక్కడే ఉంటాయి. చీలిన కొస కండలో చిక్కుకుని ఉంటుంది కదా, ట్వీజర్‌తో లాగితే ముల్లుకంటే ముందు కండ ఊడొస్తుంది. రూప్‌చంద్ చూడ్డానికి చందువాలా ఉంటుంది కాబట్టి ముళ్ళు తక్కువనుకుని కొంటారు చాలామంది, దాని వీపు కండలో కూడా ఇలాంటి ముళ్ళే ఉంటాయి.

రెక్క మొదలు ముళ్ళు. చందువా, తిలాపియా లాంటి వెడల్పు చేపల్లో వీపు రెక్క కిందా, అడుగు రెక్క పైనా దువ్వెన పళ్ళలా వరసగా ఉంటాయి. రెక్కతో పాటు అంచు కోసేస్తే వరస మొత్తం ఒక్కసారే పోతుంది.

ఇప్పుడు ఏ చేపకి ఏది అన్నది తేలిగ్గా తేలిపోతుంది.

- సాల్మన్, ట్రౌట్: ట్వీజర్
- పండుగప్ప, వంజరం: చాకు, పక్కన ట్వీజర్
- కొరమీను: చాకు చాలు, కండలో సన్నముళ్ళు తక్కువ
- చందువా, తిలాపియా: చాకు, కత్తెర
- జెల్లలు: కటింగ్ ప్లయర్, తర్వాత చాకు
- బొచ్చె, శీలావతి, రూప్‌చంద్: గట్టి చాకు, లేదంటే ఉడికించి చేత్తో ఏరడం
- బాసా ఫిల్లెట్: ఏమీ అక్కర్లేదు, ముళ్ళు తీసే అమ్ముతారు
- పులస: వదిలేయండి, పులుసులో మాగనివ్వండి, ముళ్ళు లేకుండా తినాలనుకునేవాళ్ళు ఆ డబ్బుతో కొరమీను కొనుక్కోవచ్చు

2. ట్వీజర్ కొనేటప్పుడు

కనుబొమ్మల ట్వీజర్ పనికిరాదు. దాని కొన సన్నగా ఉంటుంది, చేప ముల్లు తడిగా జిగటగా ఉంటుంది, పట్టు జారుతుంది, గట్టిగా నొక్కితే ముల్లు మధ్యలో తెగి సగం లోపలే ఉండిపోతుంది. చేప ట్వీజర్ కొన వెడల్పుగా, చదునుగా ఉండాలి, ఒక సెంటీమీటర్‌కి అటూ ఇటూ. కొంచెం ఏటవాలుగా కోసి ఉన్న కొనైతే ఇంకా మంచిది, ఫిల్లెట్ మీద చెయ్యి ఆనించి పని చేసుకోవచ్చు.

షాపులోనే చూడాల్సింది ఒకటుంది. రెండు కొనలూ దగ్గరికి నొక్కి లైటుకి ఎదురుగా పెట్టండి, మధ్యలోంచి వెలుగు సన్నగా గీతలా కనిపించినా పక్కన పెట్టేయండి. తర్వాత మీ తల వెంట్రుక ఒకటి పట్టించి లాగి చూడండి, జారకుండా పట్టుకుంటే సన్నముల్లునీ పట్టుకుంటుంది. ఆన్‌లైన్‌లో కొంటే ఇంటికొచ్చాక ఇదే చేయండి, వెలుగు కనిపిస్తే మొహమాటం లేకుండా వెనక్కి పంపేయండి.

లోపలి వైపు గరుకు సన్నగా ఉంటే మంచిదే, పట్టు దొరుకుతుంది. మొసలి పళ్ళలాంటి లోతైన గాట్లున్నవి మాత్రం వద్దు, ముల్లుని కొరికేస్తాయి, గాట్లలో మాంసం ఇరుక్కుంటే కడగడం కూడా కష్టం.

స్ప్రింగు బిగువు ఎక్కువున్నది గట్టిదనుకుంటారు గానీ వరసగా 30 ముళ్ళు లాగితే బొటనవేలు పట్టేస్తుంది. వేలితో తేలిగ్గా మూసుకోవాలి, వదిలితే వెంటనే తెరుచుకోవాలి, అంతే.

ట్వీజర్‌కి బదులు నోస్ ప్లయర్ వాడొచ్చా అంటే, వాడొచ్చు, పెద్ద చేపలకి అదే మేలు కూడా. కానీ హార్డ్‌వేర్ షాపులో తెచ్చిన మామూలు ప్లయర్‌కి మెషీన్ ఆయిల్ ఉంటుంది, పై పూత కొన్నాళ్ళకి పెచ్చులూడుతుంది, కీలు దగ్గర తుప్పు పడుతుంది. స్టీల్‌ది తీసుకుని చేపలకి మాత్రమే ఉంచండి, మీ ఆయన స్కూటర్ రిపేరుకి అదే పట్టుకెళ్ళకుండా పిడికి రంగు టేపు చుట్టి పెట్టండి.

3. చాకు: డబ్బు పెట్టాల్సింది దీనిమీద

ట్వీజర్ మీద ఎంత ఆలోచిస్తారో అందులో సగం చాకు మీద ఆలోచించరు, నిజానికి ముళ్ళలో మూడొంతులు పోయేది చాకుతోనే. రెండు రకాలు వేరువేరుగా చూడండి.

వంగే చాకు. ఫిల్లెట్ నైఫ్ అని అమ్ముతారు. అలుగు సన్నగా పొడుగ్గా ఉంటుంది, కొన బోర్డు మీద ఆనించి నొక్కితే మెల్లగా వంగుతుంది, వదిలితే తిన్నగా వచ్చేస్తుంది. పక్కటెముకల మీద నుంచి జరుపుతుంటే ఆ వంపుకి తగ్గట్టు తనే వంగుతుంది కాబట్టి ఎముకకి మాంసం అంటిపెట్టుకుని పోదు. కిలో లోపు చేపలకి 6 అంగుళాలు, రెండు మూడు కిలోలకి 7 లేదా 8 అంగుళాలు. విక్టోరినాక్స్‌లో, రపాలాలో ఈ రకం ఉన్నాయి, పేరు లేని కంపెనీదైనా పర్లేదు, పిడి తడి చేత్తో పట్టుకున్నా జారకుండా గరుకుగా ఉందా లేదా అన్నదే చూడండి. నున్నటి చెక్క పిడి ఫోటోలో బాగుంటుంది, చేప జిగురు అంటితే చేతిలో నిలవదు.

వంగని చాకు. బొచ్చె, శీలావతి వాళ్ళకి ఇది కావాలి. ఆ వై ముళ్ళని మూడు మిల్లీమీటర్లకోసారి కోసుకుంటూ పోవాలి, వంగే చాకుతో ఆ కోత తిన్నగా పడదు. మామూలు 8 అంగుళాల కూరగాయల చాకు, బాగా సాన పట్టించి ఉంటే, సరిగ్గా సరిపోతుంది, కొత్తది కొనక్కర్లేదు.

మరి కత్తిపీట? ముక్కలు కొట్టడానికి, రెక్కలు తీయడానికి, పొట్ట చీల్చడానికి కత్తిపీటని మించింది లేదు, రెండు చేతులూ చేప మీదే ఉంటాయి కాబట్టి పట్టు బాగుంటుంది. కానీ వెన్నుముల్లు వెంబడి అలుగు ఆనించి పొడుగ్గా ఒక్క కోత లాగాలంటే, అది అలవాటున్న చేతులకే సాధ్యం, కొత్తగా మొదలెట్టేవాళ్ళు చాకే పట్టుకోండి.

సాన గురించి రెండు మాటలు. చేపల మార్కెట్లో అన్నావాళ్ళు ఆకురాయితో రెండు గీతలు గీసి పని కానిచ్చేస్తారు, వాళ్ళ కత్తి మందం వేరు. మీ సన్న చాకుని ఆకురాయితో గీస్తే అంచు రంపంలా అయిపోతుంది. 1000 గ్రిట్ (రాయి గరుకు కొలత) సానరాయి ఒకటి కొనుక్కుని నీళ్ళు చల్లి, చాకు ఒక పక్క తర్వాత ఇంకో పక్క, ఒకే ఏటవాలులో రుద్దండి. బాగా పండిన టమాటా మీద నొక్కకుండా ఊరికే జరిపితే తొక్క తెగాలి. తెగకపోతే చేప జోలికి వెళ్ళకండి, మొద్దు చాకుని బలంగా నొక్కుతాం, అది జారి వేలికి తగులుతుంది.

4. మిగతా సామాను

కత్తెర: విడదీసి కడుక్కునే రకం కిచెన్ కత్తెర. రెక్కలు, పక్కటెముకల మొదళ్ళు కట్ చేయడానికి.

కటింగ్ ప్లయర్: జెల్లలు తెచ్చుకునేవాళ్ళకి మాత్రమే. వీపు మీద ఒకటి, మొప్పల పక్కన చెరొకటి, మొత్తం మూడు ముళ్ళుంటాయి, ఇంకేం చేసేముందైనా వాటిని మొదలంటా కత్తిరించేయాలి. గుచ్చుకుంటే మాత్రం బాగా మండుతుంది, చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో కాసేపు పెడితే మంట తగ్గుతుంది, వాపు పెరిగినా ముల్లు లోపల విరిగినా ఆస్పత్రికి వెళ్ళండి.

బోర్డు: చేప పొడుగు కంటే బోర్డు పొడుగుండాలి. ప్లాస్టిక్‌ది కడగడం తేలిక. మార్కెట్లో వాడే చింత మొద్దు ముక్కలు కొట్టడానికి, ఇంట్లో ఫిల్లెట్‌కి దాని అవసరం లేదు. బోర్డు కింద తడి గుడ్డ వేస్తే కదలదు.

పొలుసు తీసేది: కొనకండి, స్టీల్ చెంచా వెనక్కి తిప్పి తోక నుంచి తలవైపు గీకితే వచ్చేస్తుంది, లేదా మార్కెట్లోనే తీయించుకోండి.

చేతి తొడుగు: చాకు పట్టని చేతికి తెగని రకం తొడుగు ఒకటి. మొదటి కొన్నాళ్ళు తప్పకుండా వాడండి.

5. మార్కెట్లో ఏం చెప్పి తెచ్చుకోవాలి

సగం పని ఇక్కడే చెడుతుంది. అలవాటు కొద్దీ “ముక్కలు కొట్టెయ్ అన్నా” అనేస్తాం, ఆయన అడ్డంగా గుండ్రటి ముక్కలు కొట్టేస్తాడు, దాంతో ప్రతి సన్నముల్లూ రెండు మూడు తునకలై ఒక్కో ముక్కలో ఇరుక్కుంటుంది, ఇక ఏ పనిముట్టు తెచ్చినా లాభం లేదు. హైదరాబాద్ రామ్‌నగర్ మార్కెట్ అయినా వైజాగ్ హార్బర్ అయినా ఇలా చెప్పండి:

“అన్నా, పొలుసు తీసి, పొట్ట, మొప్పలు తీసెయ్, ముక్కలు కొట్టొద్దు, నిండు చేప ఇవ్వు.”

మీరు ఫిల్లెట్ కూడా చేసుకోలేమనుకుంటే “వెన్నుముల్లు తీసి రెండు పలకలు చెయ్యన్నా, తల, ముల్లు వేరే కవర్లో పెట్టు” అనండి. పండుగప్ప, వంజరం, కొరమీను అయితే చేసిస్తారు, కొద్దిగా రద్దీ తక్కువున్న టైములో వెళ్ళండి, ఆదివారం పొద్దున్నే ఇలా అడిగితే వెనకాల క్యూలో ఉన్నవాళ్ళు మిమ్మల్ని చూసే చూపు వేరేగా ఉంటుంది.

బొచ్చె, శీలావతి తీసుకునేటట్టయితే పెద్దది తీసుకోండి. మూడు కిలోల చేపలో ముళ్ళు లావుగా ఉండి చేతికి దొరుకుతాయి, ముప్పావు కిలో చేపలో అన్నే ముళ్ళు వెంట్రుకల్లా ఉంటాయి. పెద్ద చేపని ఇద్దరు ముగ్గురు పంచుకున్నా లాభమే.

విదేశాల్లో ఇండియన్ స్టోర్లో దొరికే ఫ్రోజెన్ రోహు (మన శీలావతే) అడ్డంగా కోసిన ముక్కలే ఎక్కువ, దానికి ట్వీజర్ కొనకండి. అక్కడ సాల్మన్ తోలుతో ఉన్న పెద్ద ముక్క తీసుకుంటే పనిముట్టుకి పని ఉంటుంది.

6. చాకు పట్టుకునే ముందు

చేప చల్లగా ఉండాలి, కండ బిర్రుగా ఉంటేనే కోత తిన్నగా వస్తుంది. ప్రాణమున్న చేపని మీ ముందే కొట్టించి తెచ్చుకుంటే కొన్ని గంటలకి ఒళ్ళంతా బిగుసుకుపోతుంది, ఆ టైములో పిన్ను ముళ్ళు లాగితే కండ చిరుగుతుంది. పొట్ట శుభ్రం చేసి ఐస్ మీద ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు లాగండి, చాలా తేలిగ్గా వస్తాయి. ఫ్రోజెన్‌ది అయితే రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చి పూర్తిగా కరగనివ్వండి, సగం గడ్డగా ఉన్నప్పుడు లాగితే ముళ్ళు పుటుక్కున విరుగుతాయి.

కానాగంతలు, ట్యూనా లాంటివి బయట ఎక్కువసేపు ఉంచకూడదు, వెచ్చదనానికి వాటిలో హిస్టమిన్ పుడుతుంది, తర్వాత ఎంత ఉడికించినా అది పోదు, తింటే ఒళ్ళు ఎర్రబడి దద్దుర్లొస్తాయి. కాబట్టి ఒకటి తీసి పని చేసుకుంటూ మిగతావి ఫ్రిజ్‌లోనే ఉంచండి.

చూసుకోవాల్సినవి:

- చేప లోపలా బయటా టిష్యూతో తడి లేకుండా తుడిచారా
- బోర్డు కింద తడి గుడ్డ ఉందా
- చాకు టమాటా పరీక్ష పాసైందా
- ట్వీజర్ ముంచి ముల్లు వదిలించుకోడానికి గిన్నెలో నీళ్ళు
- పొట్టు, రెక్కలకి కవరు ముందే తెరిచి పెట్టారా
- లైటు మీ వెనక కాకుండా ఎదురుగా ఉందా
- పిల్లలు, పిల్లి వంటింట్లో లేరు కదా

7. పండుగప్ప మీద వరస

దీన్ని నేర్చుకుంటే వంజరం, కొరమీను, సాల్మన్ అన్నిటికీ చిన్న మార్పులతో ఇదే.

7.1. మొప్ప వెనక నుంచి ఏటవాలుగా, వెన్నుముల్లు తగిలే వరకు కోయండి. “టక్” మని ఎముక తగిలితే ఆగండి, దాన్ని కోయక్కర్లేదు.

7.2. చేపని వీపు మీవైపు ఉండేలా తిప్పి, వీపు రెక్కకి ఆనించి తల నుంచి తోక దాకా ఒక సెంటీమీటర్ లోతు గీత లాగండి. రంపంలా ముందుకీ వెనక్కీ కొయ్యొద్దు, ఒక్కో గీత పొడుగ్గా, ఒకే దిక్కుకి.

7.3. అదే గీతలో మళ్ళీ మళ్ళీ లాగుతూ లోపలికి వెళ్ళండి, చాకు అలుగు కొంచెం ఎముక వైపు వాలి ఉండాలి. ఎముక మీద అలుగు జరుగుతున్నప్పుడు టకటకమని సన్నగా శబ్దం వస్తుంది, ఆ శబ్దం వస్తున్నంతసేపు మీరు సరైన దారిలో ఉన్నట్టు. శబ్దం ఆగి మెత్తగా దిగుతుంటే మాంసంలోకి పోతున్నారు, చాకు కిందికి వాల్చండి.

7.4. మధ్యలో వెన్నుముల్లు గట్టు దాటాక పక్కటెముకలు తగులుతాయి. అక్కడ రెండు దారులు. చాకు వంచి వాటి మీదుగా జరపొచ్చు, లేకపోతే కత్తెరతో వాటి మొదళ్ళు టకటకా కత్తిరించి ఫిల్లెట్‌తో పాటే బయటికి తెచ్చేసి తర్వాత తీయొచ్చు. కొత్తవాళ్ళకి రెండోదే చెప్తాను.

7.5. తోక దగ్గర విడదీయండి. చేప తిప్పి రెండో వైపు ఇదే. రెండో వైపు కొంచెం వంకరగా వస్తుంది, అందరికీ అంతే, కింద ఆనడానికి మాంసం ఉండదు కదా.

7.6. ఫిల్లెట్ తోలు కిందికి పెట్టి, పక్కటెముకల కిందికి చాకు దూర్చి, అలుగు పైకి కొంచెం ఎత్తి, ఎముకల పలకని తోలు వలిచినట్టు తీసేయండి.

7.7. ఇప్పుడు పిన్ను ముళ్ళు. మధ్య గీత మీద వేలితో అటూ ఇటూ, రెండు దిక్కులా నిమరండి, ఒక దిక్కున తగలనివి ఇంకో దిక్కున తగులుతాయి. చేతికి దొరకట్లేదంటే ఒక చిన్న గిన్నె బోర్లించి దాని మీద ఫిల్లెట్ పరవండి, వంపుకి ముళ్ళ కొసలు పైకి లేస్తాయి. ఫోన్ టార్చ్ పక్క నుంచి కిందుగా వేసి చూస్తే కొసల నీడ కనిపిస్తుంది.

7.8. ముల్లు పక్కన రెండు వేళ్ళతో కండ నొక్కి పట్టుకోండి. ట్వీజర్‌తో కొసని పట్టుకుని, ముల్లు ఏ వాలులో ఉందో ఆ వాలులోనే, తల వైపుకి, నిదానంగా లాగండి. నిలువుగా పైకి గుంజితే కండ చీలుతుంది. తీసిన ముల్లు నీళ్ళ గిన్నెలో ముంచి వదలండి, ట్వీజర్ కూడా శుభ్రపడుతుంది.

సాల్మన్‌కి ఇలా మొత్తం వచ్చేస్తాయి. పండుగప్పకి మాత్రం కొన్ని మొండిగా పట్టుకుని ఉంటాయి, వాటితో కుస్తీ పట్టకండి, ముళ్ళ వరసకి అటొక గీత ఇటొక గీత కోసి సన్నటి రిబ్బన్‌లా ఆ ముక్క తీసేయండి. పోయేది గుప్పెడు మాంసం కూడా కాదు, అదీ పులుసులో వేసుకోవచ్చు. వంజరానికీ ఇదే మేలు, లాగితే దాని కండ చిరుగుతుంది.

8. బొచ్చె, శీలావతి: లాగడం కాదు, కోయడం

ముందుగా తెలుసుకోవాల్సింది, ఈ చేపల్లో అన్ని చోట్లా వై ముళ్ళు ఉండవు. వీపు వైపు తల నుంచి తోక దాకా ఉంటాయి, తోక భాగంలో పైనా కిందా రెండు వైపులా ఉంటాయి, పొట్ట భాగంలో మాత్రం పెద్ద పక్కటెముకలే. అంటే పిల్లలకి, పెద్దవాళ్ళకి పొట్ట పలక విడిగా కోసి పక్కటెముకలు తీసి పెట్టేస్తే ఏ పనిముట్టూ లేకుండానే సగం గొడవ తీరిపోయింది. తోక ముక్క పిల్లల కంచంలో వెయ్యకండి, దయచేసి.

వీపు పలకకి రెండు పద్ధతులున్నాయి.

ఒకటి, గాట్లు పెట్టి వేపుడు. ఫిల్లెట్ తోలు కిందికి పెట్టి, వంగని చాకుతో అడ్డంగా, 3 మిల్లీమీటర్లకి ఒక గాటు చొప్పున, తోలు దాకా కోసి తోలు తెగకుండా ఆపాలి. చాకు దిగుతుంటే ముళ్ళు తెగుతున్న కరకర చప్పుడు వినిపిస్తుంది, చేతికీ తెలుస్తుంది. ఆ చప్పుడు లేకపోతే లోతు చాలలేదు. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి గాట్లలోకి దిగేలా పట్టించి బాగా కాగిన నూనెలో వేయిస్తే, తెగిన తునకలు సన్నవి కాబట్టి నూనె వేడికి పెళుసై నోట్లో తెలియకుండా పోతాయి. పెనం మీద చుక్క నూనెతో చేస్తే ఇది పని చేయదు, గాట్ల లోపలికి నూనె వెళ్ళాలి. గాట్లు దూరందూరంగా పెట్టినా అంతే, ముల్లు పొడుగ్గా మిగిలి గుచ్చుకుంటుంది. నిమ్మరసంలో నానబెడితే ముళ్ళు కరుగుతాయంటారు, అరగంటలో ఏమీ కరగవు, కండ చిట్లిపోతుంది.

రెండోది, ఉడికించి ఏరడం. చేప పిట్టు, కట్లెట్, వడలకి ఇదే. పసుపు, ఉప్పు వేసి ఆవిరి మీద ఉడికించి, చేయి పట్టేంత వేడి ఉండగానే తోలు తీసి, పొరలు పొరలుగా విడదీస్తే ముళ్ళు చివర చీలికతో సహా నిండుగా వచ్చేస్తాయి, పచ్చి చేపలో లాగినప్పుడు పడ్డ బాధేం ఉండదు. పూర్తిగా చల్లారితే కండ ముద్దకట్టి ముళ్ళని పట్టేస్తుంది. ఒకసారి ఏరాక పెద్ద పళ్ళెంలో పలచగా పరిచి వేళ్ళ కొసలతో మళ్ళీ నలుపుతూ చూడండి, రెండోసారి కూడా దొరుకుతాయి. తొందరకి మిక్సీలో వెయ్యకండి, ముళ్ళు పొడి అవవు, కనిపించని చిన్న తునకలవుతాయి, అవి ఇంకా ప్రమాదం.

9. మిగతా చేపలు, క్లుప్తంగా

కొరమీను: జిగురు ఎక్కువ, పట్టుకోవడమే కష్టం. బూడిద లేదా రాళ్ళ ఉప్పు రుద్ది, పాత గుడ్డతో తల పట్టుకుని కోయండి. వెన్ను, పక్కటెముకలు పోతే దాదాపు అయిపోయినట్టే.

చందువా: రెక్కల అంచులు కత్తెరతో అర సెంటీమీటర్ లోపలికి కోసేయండి, మధ్య గీత నుంచి అటూ ఇటూ చాకు జరిపితే ఒక్కో వైపు రెండేసి చొప్పున నాలుగు పలకలు వస్తాయి. నిజం చెప్పాలంటే నిండుగా వేయించుకుని కంచంలో తీసుకోవడమే సుఖం.

కవళ్ళు: చాకు వద్దు. తల తుంచి, పొట్ట బొటనవేలితో చీల్చి, వెన్నుముల్లు కింద వేలు జరుపుతూ పోతే ముల్లు మొత్తం గొలుసులా వస్తుంది. లేదా చింతపండు పులుసులో కుక్కర్‌లో సన్న మంట మీద ముప్పావు గంట ఉంచండి, ముళ్ళు నమిలేంత మెత్తబడతాయి, డబ్బా చేపల్లో ముళ్ళు మెత్తగా ఉండేది కూడా ఇలా ఒత్తిడిలో ఉడకబట్టే.

10. ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సర్దుకోవాలి

ముల్లు మధ్యలో విరిగింది: వెంటనే తవ్వకండి. పక్కన వేలితో నొక్కితే మిగిలిన కొస పైకొస్తుంది. రాకపోతే అక్కడ చిన్న వి ఆకారంలో కోసి తీసేయండి.

ట్వీజర్ జారుతోంది: నీళ్ళలో ముంచి టిష్యూతో కొన తుడవండి, కొవ్వు అంటితే ఏ ట్వీజరైనా జారుతుంది. అయినా జారితే కొనలు వంగాయేమో వెలుగులో చూడండి.

ఫిల్లెట్ చిరుగులు చిరుగులు: చేప వెచ్చబడింది. 20 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి తీయండి.

వెన్నుకి మాంసం చాలా ఉండిపోయింది: చెంచాతో గీరి పిట్టులోకి వాడుకోండి, తర్వాతిసారి గీతలు పొడుగ్గా లాగండి.

పిత్తం పగిలింది: ఆకుపచ్చ మరక తగిలిన చోటు వెంటనే చల్లనీళ్ళతో కడిగి, ఇంకా చేదుంటే ఆ ముక్క కోసి పారేయండి.

ఎన్ని చేసినా ఒక ముల్లు మిగలొచ్చు, పిల్లలకి పెట్టేటప్పుడు ప్రతి ముద్దా వేళ్ళతో నలిపే పెట్టాలి. గొంతులో గుచ్చుకుంటే అన్నం ముద్దలు, అరటిపండు మింగించడం మన ఇళ్ళల్లో అలవాటు, దానివల్ల ముల్లు ఇంకా లోపలికి దిగే ప్రమాదం ఉంది, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్తే చూసి తీసేస్తారు.

11. పని అయ్యాక

పనిముట్లు ముందు చల్లనీళ్ళతోనే కడగాలి. వేడినీళ్ళు తగిలితే చేప జిగురు ఉడికి అంటుకుపోతుంది, వాసన వదలదు. చల్లనీళ్ళ తర్వాత సబ్బు, ఆ తర్వాత మరిగే నీళ్ళు ట్వీజర్ మీద, కత్తెర కీలు మీద. నిమ్మచెక్కతో బోర్డు రుద్దండి, గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరాకే సొరుగులో పెట్టండి. ట్వీజర్ కొనలకి స్ట్రా ముక్క తొడిగితే మిగతా గరిటెల మధ్య వంగిపోకుండా ఉంటాయి, చాకుకి అట్ట మడిచి టేపు వేసినా చాలు.

వెన్నుముళ్ళు, తల పారేయకండి. మొప్పలు తీసేసి, నెత్తురు కడిగి, ఉల్లిపాయ, మిరియాలు వేసి అరగంట లోపు మరిగించి గుడ్డలో వడకడితే పులుసులోకి మంచి నీళ్ళు, అరగంట దాటితే చేదెక్కుతాయి. మిగిలిన పొట్టూ ముళ్ళూ పేపర్లో చుట్టి, కవర్లో కట్టి, చెత్త బండి వచ్చే పొద్దుటి దాకా ఫ్రీజర్‌లో ఒక మూల పెట్టండి, కవరు మీద రాసి పెట్టండి, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు చేప ముక్కలనుకుని తీసి నానబెట్టేస్తారు.